నేల ఒకరిది, ఆట ఇంకొకరిది: ఒక స్పీడ్‌వే క్లబ్ కేసు

ఇంగ్లండ్‌లో నా పని చిన్న సంఘాలకు, సహకార సొసైటీలకు లెక్కలు చూడటం. వాళ్లు ఏదైనా కొనాలనుకుంటే కొనొచ్చా, వద్దా అని చెప్పటం. ఊరి పబ్బులు, కమ్యూనిటీ హాళ్లు, ఒకటి రెండు ఫుట్‌బాల్ క్లబ్బులు నా ముందుకు వచ్చాయి. స్పీడ్‌వే క్లబ్ వచ్చింది మాత్రం ఒక్కసారే. ఈ కేసులో నేను చేసిన తప్పులు రెండున్నాయి. అందుకే రాయటానికి ఇన్నేళ్లు పట్టింది. ఊరు, క్లబ్, మనుషులు గుర్తుపట్టలేనట్టు వివరాలు మార్చాను. డబ్బు అంకెలు చాలావరకు వదిలేశాను.

ముందు ఆట సంగతి

మన దగ్గర ఈ ఆట లేదు కాబట్టి నాలుగు మాటలు చెప్పాలి. స్పీడ్‌వే అంటే మోటార్‌సైకిల్ రేసు: నలుగురు రైడర్లు, నాలుగు రౌండ్లు. 500 సీసీ బండి, ఒకటే గేరు, బ్రేకులు అసలుండవు, మెథనాల్‌తో నడుస్తుంది. ట్రాక్ మీద షేల్ అనే రాతిపొడి పరుస్తారు. మలుపులో వెనక చక్రాన్ని జారనిస్తూ బండిని దాదాపు అడ్డంగా తిప్పుతారు. ముందు వరసలో నిలబడితే ఆ పొడి నోట్లో పడుతుంది, దాన్నీ సంబరంగానే చెప్పుకుంటారు. రేసు నిమిషంలో ముగుస్తుంది. ముందు వచ్చిన ముగ్గురికి 3, 2, 1 పాయింట్లు, ఆఖరివాడికి సున్నా. అలాంటి 15 రేసులు కలిస్తే ఒక మ్యాచ్. 1928 ఫిబ్రవరి 19న లండన్ శివార్లలో హై బీచ్ దగ్గర జరిగిన పోటీని ఇక్కడివాళ్లు ఈ ఆట పుట్టినరోజుగా లెక్కపెడతారు.

ఈ ఆటలో ‘ప్రమోషన్’ అనే మాట నన్ను మొదట్లో తికమక పెట్టింది. ఫుట్‌బాల్ అలవాటులో పై లీగ్‌కు వెళ్లటం అనుకున్నాను. స్పీడ్‌వేలో ప్రమోషన్ అంటే మ్యాచ్‌లు నడిపించే యాజమాన్యం, దాన్ని నడిపే మనిషి ప్రమోటర్. గెలిస్తే పైకి, ఓడితే కిందికి అనే పద్ధతిని అప్పుడప్పుడు పెట్టి చూశారు కానీ అది నిలవలేదు. ఏ లీగ్‌లో ఆడాలన్నది చాలావరకు క్లబ్ తన ఖర్చు చూసుకుని తేల్చుకుంటుంది. లీగ్‌ను నడిపేది ప్రమోటర్ల ఉమ్మడి సంస్థే. అంటే కొత్తగా ఎవరొచ్చినా మిగతా ప్రమోటర్లు ఒప్పుకోవాలి.

మన సినిమా థియేటర్లను తలుచుకుంటే ఈ ఏర్పాటు తేలిగ్గా అర్థమవుతుంది. బిల్డింగ్ ఓనరు ఒకరు, లీజుకు తీసుకుని బొమ్మ ఆడించేది ఇంకొకరు. ఈలలు వేసేవాళ్లకు ఈ ఇద్దరూ అక్కర్లేదు, వాళ్లది హీరోతో సంబంధం. ఒకరోజు పొద్దున్నే థియేటర్ గేటుకు తాళం పడి, ఆరు నెలల తర్వాత అక్కడ ఫంక్షన్ హాల్ లేస్తే అప్పుడు గుర్తొస్తుంది, నేల ఎవరిదని. స్పీడ్‌వేలో జరిగేది సరిగ్గా ఇదే.

అభిమానులు ఊరికే భయపడటం లేదు. కోవెంట్రీ దగ్గర బ్రాండన్ స్టేడియం స్థిరాస్తి కంపెనీ చేతికి వెళ్లింది, 2016తో అక్కడ రేసులు ఆగిపోయాయి. ఆ స్థలంలో ఇళ్లు కడతామంటే 2022లో రగ్బీ అనే ఊరి కౌన్సిల్ అనుమతి ఇవ్వలేదు. అయినా రేసులు తిరిగి రాలేదు. స్విండన్ 2019 తర్వాత పరిగెత్తలేదు. వుల్వర్‌హాంప్టన్, పీటర్‌బరో ఒకే ఏడాది, 2023లో, తమ ట్రాకులు పోగొట్టుకున్నాయి. రై హౌస్ 2018లో, ఈస్ట్‌బోర్న్ 2021లో, న్యూకాజిల్ 2022లో సీజన్ మధ్యలోనే ఆపేశాయి. సీజన్ టికెట్ కొన్నవాడికి ఈ మూడు ఊళ్ల పేర్లు బాగా గుర్తుంటాయి.

వాళ్లు తెచ్చిన సమస్య

అక్టోబరు చివర, సీజన్ అయిపోయిన వారంలో, అభిమానుల సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. రిటైరైన మనిషి, చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని చూసిన ట్రాక్ అది. పాత ప్రమోటర్ ఆరోగ్యం బాగోక క్లబ్‌ను అమ్మేస్తున్నాడు. కొంటున్నది ఆ ప్రాంతంలో ఇళ్లు కట్టే వ్యాపారం ఉన్న మనిషి. ఆయనకు స్పీడ్‌వేతో ముందు నుంచీ సంబంధం లేదు. పైగా వచ్చీ రాగానే రెండు ప్రకటనలు చేశాడు: ప్రీమియర్‌షిప్ వదిలి కింది లీగ్ ఛాంపియన్‌షిప్‌లో ఆడతాం, వచ్చే ఏడాది సీజన్ టికెట్లు ఇప్పుడే అమ్ముతాం. జట్టులో ఎవరుంటారో చెప్పలేదు, మ్యాచ్‌ల తేదీలూ లేవు.

‘ఆయనకు కావాల్సింది స్థలం. ఒక సీజన్ నడిపినట్టు నడిపి ఇళ్లు కట్టేస్తాడు. అంతకుముందే మేం క్లబ్ కొనేయగలమా?’ ఇదీ వాళ్ల ప్రశ్న. సంఘంలో మూడు వందల మంది సభ్యులున్నారు. సగం మంది తలా కొన్ని వందల పౌండ్లు పెట్టటానికి సిద్ధం.

ఎంత పెట్టగలరు అని నేను అడగలేదు. ఆ అంకె ఒకసారి నోటికొస్తే ఇక మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. కొనేదేమిటో తెలియకుండా ధర మాట్లాడకూడదు. అందుకే ముందు కాగితాలు తీశాను.

కాగితాలు చెప్పినది

కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం కంపెనీస్ హౌస్‌లో వివరాలు ఉచితం. పాత కంపెనీకి ఆస్తుల కంటే అప్పులెక్కువ, ఆ అప్పులో పెద్ద భాగం ప్రమోటర్ సొంత జేబులోంచి పెట్టినదే. చిన్న కంపెనీ కాబట్టి లాభనష్టాల పట్టిక దాఖలు చేయనక్కర్లేదు, చేయలేదు. కొత్తాయన కంపెనీ పుట్టి ఐదు వారాలు. అందులో చూడటానికి ఏమీ లేదు.

భూమి రిజిస్ట్రీలో అప్పట్లో 3 పౌండ్లు కడితే స్థలం దస్తావేజు వివరాలు వచ్చేవి. స్థలం ఇద్దరు ప్రమోటర్లలో ఎవరిదీ కాదు, కుక్కల పందేలు నడిపే ఒక కంపెనీది. అది అందరికీ తెలిసిందే. నేను వెతికింది లీజు నమోదు. అది లేదు. ఇంగ్లండ్‌లో ఏడేళ్లకు మించిన లీజు రిజిస్టర్ చేయాలి. చేయలేదంటే లీజు ఏడేళ్లో అంతకంటే తక్కువో అయ్యుండాలి, లేదా అసలు లీజే లేకపోవాలి. పాత ప్రమోటర్‌ను అడిగితే మొహమాటపడుతూ ఒప్పుకున్నాడు: మార్చి నుంచి అక్టోబరు దాకా వారానికి ఒక సాయంత్రం వాడుకోవటానికి అనుమతి పత్రం, ఏటేటా కొత్తగా రాసుకోవాలి. మూడు నెలల నోటీసుతో స్థల యజమాని ఎప్పుడైనా రద్దు చేయొచ్చు.

లీజుకు, అనుమతి పత్రానికి తేడా పెద్దది. వ్యాపార స్థలాన్ని తన చేతిలో ఉంచుకున్న లీజుదారుకు, ఆ హక్కు వదులుకుంటూ ముందే సంతకం పెట్టి ఉండకపోతే, 1954 నాటి చట్టం కింద కొనసాగింపు అడిగే హక్కు ఉంటుంది. వారానికో రాత్రి వచ్చి వెళ్లేవాడికి ఆ రక్షణ లేదు. కౌలు చీటీ కూడా లేని కౌలు రైతు పరిస్థితి.

ఈ సంగతి తెలిశాక కేసు తిరగబడింది. బిల్డర్ క్లబ్ కొంటే సెంటు భూమి కూడా రాదు. ఆయన కొంటున్నది ఒక పేరు, లీగ్‌లో స్థానం, ఒక ట్రాక్టరు, మలుపుల్లో రైడర్లకు దెబ్బ తగలకుండా పెట్టే, గాలి నింపిన కంచె, స్టార్ట్ గేటు, ఏడాది గడువున్న అనుమతి. అభిమానులు దొంగను వాకిట్లో వెతుకుతున్నారు, పెరటి తలుపేమో బార్లా తెరిచి ఉంది. భయపడాల్సింది స్థల యజమాని నిర్ణయం గురించి. కుక్కల పందేలు మానేద్దామనో, స్థలం అమ్ముదామనో వాళ్లనుకున్న రోజున ప్రమోటర్ మంచివాడైనా చెడ్డవాడైనా ఒకటే.

నేను చేసిన మొదటి తప్పు

ఈ సంగతి కమిటీకి చెప్పాను. తలలూపారు. అయినా ఊళ్లో కోపం ఎక్కువగా ఉంది. ‘పెట్టుబడి ఎవరిదో చెప్పాలి, ఐదేళ్ల ప్లాన్ ఇవ్వాలి, ఇచ్చేదాకా ఎవరూ సీజన్ టికెట్ కొనొద్దు’ అని బహిరంగ లేఖ రాయాలన్నారు. నేను ఆపాల్సింది. ఆపకపోగా, లేఖలో భాష మర్యాదగా ఉంటే చాలనుకుని దిద్దిపెట్టాను.

రెండు వారాల్లో దాని ఫలితం తెలిసింది. నవంబరు నుంచి మార్చి దాకా స్పీడ్‌వే క్లబ్‌కు గేటు ఆదాయం సున్నా. ఇన్సూరెన్సు, రైడర్లతో ఒప్పందాలు, విదేశీ రైడర్ల వీసాలు, ట్రాక్ బాగుచేత, అన్నీ ఆ నెలల్లోనే. ఆ ఖర్చు గట్టెక్కించేది సీజన్ టికెట్ల డబ్బు, స్పాన్సర్ల డబ్బు. లేఖ పేపర్లో రాగానే ఒక స్పాన్సర్ ‘చూద్దాం’ అన్నాడు. అభిమానుల అభిమాన రైడర్ వేరే క్లబ్‌కు సంతకం పెట్టేశాడు. రైడర్లు జీతగాళ్లు కారు, ఎవరి బండి వాళ్లదే, వచ్చిన పాయింట్లను బట్టి డబ్బు. గాలి ఎటు వీస్తోందో చూసుకుంటారు, అందులో తప్పు లేదు. కొత్త ప్రమోటర్ ఫోన్ ఎత్తటం మానేశాడు. సంఘంలో మనుషులు రెండు ముక్కలయ్యారు, ఒకే కుటుంబంలో అన్న టికెట్ కొంటే తమ్ముడు మాట్లాడని పరిస్థితి.

ఇప్పుడు ఆలోచిస్తే మేం అడిగినవి ఆయన దగ్గర లేనివి. ఏడాది అనుమతి ఉన్న మనిషి ఐదేళ్ల ప్లాన్ ఎక్కణ్ణుంచి తెస్తాడు? పైగా మేం పట్టుకున్న కర్ర క్లబ్ మీదే పడేది. ప్రమోటర్‌కు తగలాలని విసిరితే క్లబ్‌కు తగిలింది.

కొనటం ఎందుకు వద్దన్నాను

లేఖ బెడిసికొట్టాక ‘అయితే మనమే కొందాం’ అన్న మాట మళ్లీ బలంగా వచ్చింది. ఈసారి లెక్క వేసి చూపించాను. సాధనం అయితే ఉంది: 2014 సహకార చట్టం కింద కమ్యూనిటీ బెనిఫిట్ సొసైటీ పెట్టొచ్చు, ఎన్ని వాటాలున్నా ఒక మనిషికి ఒక ఓటు, వాటాలు ఊరివాళ్లకు అమ్మొచ్చు. పబ్బుల కేసుల్లో నేనే సిఫారసు చేశాను. పబ్బులో తేడా ఏమిటంటే, వ్యాపారం దెబ్బతిన్నా చేతిలో బిల్డింగు మిగులుతుంది. సభ్యుడి వాటా ఆ గోడల్లో ఉంటుంది. ఇక్కడ మిగిలేది ట్రాక్టరు.

వాన లెక్క కూడా వేశాం. మ్యాచ్ రోజు సాయంత్రం వాన పడి రద్దయితే గేటు రాదు, కానీ వండిన తిండి, వచ్చిన అంబులెన్సు, డాక్టరు ఖర్చులు చాలావరకు తప్పవు. రెండు మ్యాచ్‌లు అలా పోతే సొసైటీ మూలధనంలో ఎంత కరుగుతుందో తెల్లబోర్డు మీద రాశాను. బోర్డు చూసి కార్యదర్శి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘అంటే పాత ప్రమోటర్ ఇన్నేళ్లూ మాకు సొంత డబ్బుతో సినిమా చూపించాడన్నమాట’ అన్నాడు. ఆ మనిషిని వీళ్లు పదేళ్లు పిసినారి అని తిట్టారు.

పోలండ్ సంగతి ఎవరో ఎత్తారు. అక్కడ లీగ్ బాగా నడుస్తోంది కదా అని. నిజమే, అక్కడ పెద్ద స్టేడియాలు చాలావరకు నగరపాలక సంస్థలవి. బ్రిటన్‌లోనూ మాంచెస్టర్‌లో 2016లో తెరిచిన నేషనల్ స్పీడ్‌వే స్టేడియం నగర కౌన్సిల్‌దే. నేల ప్రజలదైతే ప్రమోటర్లు మారినా ఆట నిలబడటానికి ఒక చోటుంటుంది. మా ఊరి కౌన్సిల్‌కు అంత డబ్బు లేదు, ఆ మాట అక్కడితో ఆగింది.

కాస్త పని చేసినవి

ఎవరినీ మార్చకుండా, ఏమీ కొనకుండా, ప్రమాదాన్ని ఎక్కడెక్కడ తగ్గించొచ్చో చూశాం. మూడు చోట్ల వీలుందనిపించింది.

మొదటిది సీజన్ టికెట్ డబ్బు. కంపెనీ దివాలా తీస్తే టికెట్ కొన్నవాడు అప్పులవాళ్ల వరసలో అట్టడుగున నిలబడాలి. 100 పౌండ్లు దాటిన టికెట్‌ను క్రెడిట్ కార్డుతో కొంటే 1974 నాటి వినియోగదారు రుణ చట్టం కింద కార్డు కంపెనీని అడిగే హక్కుంటుంది, అది అందరికీ చెప్పాం. కానీ అభిమానుల్లో సగం మంది పెద్దవాళ్లు, నోట్ల కట్ట కవర్లో పెట్టి ఇచ్చేవాళ్లు. వాళ్ల కోసం ఇంకో ఏర్పాటు ఆలోచించాం: డబ్బు సంఘం పేరున వేరే ఖాతాలో ఉంటుంది, ముగ్గురు సంతకాలు పెట్టాలి, కొంత ఇన్సూరెన్సు, గాలి కంచె బిల్లులు చూపించాక, మిగిలింది సొంతగడ్డ మీద మ్యాచ్ జరిగినకొద్దీ విడుదలవుతుంది.

ప్రమోటర్ మొదట భగ్గుమన్నాడు. ‘నన్ను దొంగ అంటున్నారా?’ అన్నాడు. ఈసారి లేఖ రాయలేదు, నేనొక్కణ్ణే వెళ్లి ఆయన ఆఫీసులో కూర్చున్నాను. ఆయన వైపు నుంచి లెక్క చూపించాను: టికెట్లు అమ్ముడుపోక సున్నా రావటం మేలా, అమ్ముడై విడతలుగా రావటం మేలా? జనవరిలో మొదటి విడత వస్తుందంటే స్పాన్సర్ కూడా కదులుతాడు. మూడు రోజులు తీసుకుని ఒప్పుకున్నాడు. నిజానికి ఆయన్ని కదిలించింది నా మాట కాదని తర్వాత తెలిసింది, ఆ స్పాన్సర్ కూడా అదే షరతు పెట్టాడట.

మాటల్లో ఇంకొకటి బయటపడింది. ఆయన ఈ క్లబ్ కొన్నది చనిపోయిన మామగారు ప్రతి వారం వెళ్లేవారని. స్థలం గురించి అడిగితే నవ్వాడు. ‘అక్కడ నేల కింద ఏముందో నాకు తెలుసు, నాకొద్దు’ అన్నాడు.

రెండోది స్థలం. 2011 లోకలిజం చట్టం కింద ఒక కట్టడాన్ని ‘సమాజానికి విలువైన ఆస్తి’గా కౌన్సిల్ జాబితాలో పెట్టించొచ్చు. నమోదు కాని సంఘమైనా స్థానిక ఓటర్లు 21 మంది ఉంటే దరఖాస్తు చేయొచ్చు. జాబితాలో ఐదేళ్లు ఉంటుంది. మేం దరఖాస్తు చేసినప్పటి నియమం ప్రకారం యజమాని అమ్మదలిస్తే ముందు కౌన్సిల్‌కు చెప్పాలి, ఊరి సంఘం ముందుకొస్తే ఆరు నెలలు ఆగాలి. ఆ తర్వాత ఎవరికైనా, ఎంతకైనా అమ్ముకోవచ్చు. చాలామంది దీన్ని కొనే హక్కు అనుకుంటారు. ఇది ఆరు నెలల ఊపిరి, అంతే. ఇళ్ల అనుమతి దరఖాస్తు వచ్చినప్పుడు ఈ నమోదు కొంత బరువు తూగొచ్చు.

ఇక్కడా ఒకసారి దెబ్బతిన్నాం. కమిటీ తయారుచేసిన దరఖాస్తు నలభై పేజీలు. పాత ఫోటోలు, ప్రపంచ ఛాంపియన్లు వచ్చి పరిగెత్తిన రోజులు, అన్నీ ఉన్నాయి. కౌన్సిల్ తిప్పి పంపింది. కారణం: స్థలం సరిహద్దులు గీసిన మ్యాపు లేదు. చట్టం చూసేది ఇప్పుడు ఆ చోటు ఊరివాళ్లకు ఎలా ఉపయోగపడుతోంది, ఇకముందు ఉపయోగపడుతుందా అన్నది. డెబ్బై ఏళ్ల చరిత్ర అందులో ఒక పేరా. రెండోసారి ఆరు పేజీలు పంపాం: ఎర్ర గీతతో మ్యాపు, పోయిన సీజన్‌లో మ్యాచ్‌లు, పిల్లల శిక్షణ రోజులు, వాలంటీర్ల జాబితా. ఎనిమిది వారాల గడువులోపలే జాబితాకెక్కింది.

మూడోది అనుమతి పత్రం. దీన్ని ప్రమోటర్, సంఘం కలిసి అడిగారు. నెల క్రితం ముఖాలు చూసుకోని మనుషులు ఒకే బల్లకు ఒకే వైపు కూర్చోవటమే స్థల యజమానిని ఆశ్చర్యపరిచింది. ఇరవై ఏళ్ల లీజు అడుగుదామని ప్రమోటర్ పట్టుబట్టాడు. నేను వద్దన్నాను. అమ్మకం మనసులో ఉన్నవాడు పొడుగు లీజు ఇవ్వడు, అడిగితే లాయరుకు పంపుతాడు, చలికాలం గడిచిపోతుంది. అతనికి పెద్దగా ఖర్చవ్వనిది అడగాలి: మూడేళ్ల అనుమతి, నోటీసు ఎప్పుడిచ్చినా అది మార్చి, అక్టోబరు మధ్య అమల్లోకి రాకూడదు. సీజన్ మధ్యలో తాళం పడకూడదన్నదే మా కోరిక. స్పీడ్‌వే రాత్రుల్లో బార్, తిండి ఆదాయం యజమానిదే. కుక్కల పందేల మామూలు రాత్రి కంటే ఆ గల్లా నిండుగా ఉంటుందని అతనికి మేం చెప్పనక్కర్లేదు. ఒప్పుకున్నాడు.

రెండో తప్పు

జూన్‌లో వరసగా వానలు. రెండు మ్యాచ్‌లు తుడిచిపెట్టుకుపోయాయి. మ్యాచ్ జరిగితేనే విడత అని మేం రాసుకున్న నియమం వల్ల, గేటూ రాక విడతా రాక క్లబ్ రెండువైపులా నష్టపోయింది. ప్రమోటర్ ముందస్తుగా అడిగాడు. ముగ్గురిలో ఇద్దరు సంతకం పెట్టలేదు. నియమం అంటే నియమం అన్నారు, అలా బిగించి రాసింది నేనే. ఒక కుర్ర రైడర్‌కు మూడు వారాలు ఆలస్యంగా డబ్బు అందింది. అతను ఇంజను సర్వీసు అప్పు తెచ్చి చేయించుకున్నాడని విన్నప్పుడు సిగ్గేసింది. అభిమానిని కాపాడటం మీద దృష్టి పెట్టి, రోజూ ప్రాణం పణంగా పెట్టే మనిషిని మర్చిపోయాను. మరుసటి ఏడాది నియమం మార్చాం: వానకు రద్దయితే ఆ విడతలో సగం వెంటనే, మిగతాది మళ్లీ ఆడినప్పుడు.

కింది లీగ్‌కు వెళ్లటం గురించి అభిమానుల్లో రాజీ కుదరలేదు. పాయింటుకు ఇచ్చే డబ్బు తక్కువ, కుర్ర రైడర్లు ఎక్కువ, మ్యాచ్‌లు హోరాహోరీగా ఉంటున్నాయని కొందరు. మా స్థాయి ఇది కాదని కొందరు, వాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. ఖాళీ అయిన ఆ వరసల్లో కొంత భాగం మేం రాసిన లేఖ వల్లేనని నా అనుమానం. లెక్క తీయలేను.

ప్రమోటర్ మూడు సీజన్లు నడిపి, పక్క ఊరి మనిషికి అప్పగించి వెళ్లిపోయాడు. ఈసారి కొత్తాయన క్లబ్‌లోకి అడుగుపెట్టకముందే అనుమతి పత్రం గడువు ఎంత అని అభిమానులే అడిగారట. జాబితా నమోదు ఐదేళ్లు ఈ ఏడాది తీరిపోతోంది. పోయిన నెల కార్యదర్శి నుంచి ఒక కవరు వచ్చింది. కొత్త దరఖాస్తు నకలు, ఐదు పేజీలు. నన్ను ఏమీ అడగలేదు, చూసి చెప్పమని కూడా రాయలేదు. మ్యాపు మొదటి పేజీలోనే ఉంది, ఎర్ర గీత స్కేలు పెట్టి గీశాడు.